పెట్టెల దొరికిన కాయితం, అమ్మమ్మ చెప్పిన రాత్రి: ఒక నేత కుటుంబం కేసు

ఈ కేసు రాసుకొమ్మని ఆ కుటుంబం ఒప్పుకున్నది, పేర్లు, ఊరిపేరు మాత్రం వద్దన్నరు. అందుకని ఊరంటే పరకాల అవతల ఒక ఊరు, ఇంటిపేరు ‘బ’ తోటి మొదలైతది, ఇంతే చెప్త. ఆ ‘బ’ సంగతి ఎందుకు చెప్తున్ననో ముందటికి పోతే మీకే తెలుస్తది.

నేను హనుమకొండల ఉంట, కాలేజీల చరిత్ర చెప్పుడు మానేసినంక పదేండ్ల సంది కుటుంబాల చరిత్రలు రాసిపెట్టే పని చేస్తున్న. పాత కాయితాలు చదివించుడు, పెద్దోళ్లతోటి మాట్లాడి రికార్డు చేసుడు, రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఫైలు చేసి ఇంటోళ్లకు ఇచ్చుడు, ఇదీ పని. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే ఒకామె ఫోన్ చేసింది, “సార్, మా అమ్మమ్మకు ఎనభై ఎనిమిది నడుస్తున్నయ్, ఆమె చెప్పేటివి రికార్డు చెయ్యాలె, ఇంకోటి మా ముత్తాత పట్టా కాయితం ఉర్దూల ఉన్నది, అది చదివిపెట్టాలె” అన్నది. భూమి తగాదా కోసమైతే నేను చెయ్యనమ్మా అని మొదటి మాటనే చెప్పిన, ప్రతి కేసుల చెప్త, ఎందుకంటే భూమి ఆశ ఒకసారి లోపటికి వచ్చిందంటే పెద్దోళ్లు చెప్పే మాట మారిపోతది, ఏది గుర్తున్నదో అది కాకుంట ఏది పనికొస్తదో అది చెప్తరు, అది వాళ్ల తప్పు కూడ కాదు. “లేదు సార్, మేం ఎక్కడికెళ్లి వచ్చినమో పిల్లలకు చెప్పుకోవాలె, అంతే” అన్నది. సరే అన్న.

ఇంట్ల చెప్పుకునే కథ చిన్నది. ముత్తాత, అంటే అమ్మమ్మ వాళ్ల నాయన, ఊళ్లె గుంట మగ్గం మీద నేసేటోడు, రజాకార్ల జమానల రాత్రికి రాత్రి ఊరిడిచిపెట్టి ఓరుగల్లు వచ్చిన్రు, ఆ గొడవల ఒక కొడుకు పోయిండు, వచ్చినంక ముత్తాత ఆజంజాహి మిల్లుల చేరిండు, అట్ల ఇక్కడోళ్లయిపోయిన్రు. వరంగల్ల ఇసొంటి కథ వినపడని వాడ ఉండదు, కరీమాబాద్, ఉర్సు, రంగశాయిపేట, శివనగర్ యాడికి పోయినా మిల్లు కార్మికుల మనుమలు మనుమరాండ్లే. 1934ల నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పెద్ద కొడుకు పేరు మీద పెట్టిన మిల్లు అది, చుట్టుపక్కల పల్లెలల్ల మగ్గం మీద బతికినోళ్లు ఎంతమందో దాంట్ల చేరిన్రు, మిల్లు కూత పెడితే దాన్ని బట్టి ఇండ్లల్ల పొయ్యి రాజుకునేది. ఇప్పుడు మిల్లూ లేదు, కూతా లేదు, కానీ ఆ తాతల పెట్టెలల్ల ఇంకా చానా ఉన్నది, అది పోకముందే చూడాల్నని నా తాపత్రయం.

అమ్మమ్మ కరీమాబాద్‌ల కొడుకు దగ్గర ఉంటది, ఫోన్ చేసిన అమ్మాయికి ఆయన మేనమామ. మంచం కింది రేకుపెట్టె గుంజి తెరిస్తే నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి, అది మిల్లు గేటు కాడ చూపిచ్చేటిదంట, పురుగు కొట్టిన గ్రూపు ఫోటో, పాత రేషన్ కార్డు, నేసేటప్పుడు నూలును అటూఇటూ ఉరికిచ్చే నాడె ఒకటి కొసలు అరిగింది, అడుగున గుడ్డల సుట్టిన ఉర్దూ కాయితం. ఎనిమిది మడతలు పెట్టి ఉన్నది, మడతల కాడ చిట్లింది, ఎవరో మంచికే అనుకొని సెల్లోటేపు అతికించిన్రు, ఆ టేపు పసుపువచ్చగయ్యి గట్టివడ్డది. ఇక్కడ ఒక్కటి గట్టిగ చెప్త, పాత కాయితానికి టేపు పెట్టకుండ్రి, లామినేషన్ అయితే అసలే చేపియ్యకుండ్రి, లామినేషన్ చేసిన పట్టాలు నా దగ్గరికి ఎన్నో వచ్చినయ్, లోపట సిరా మాసిపోతాంటే బయటికి తీసే దారి లేక చూసుకుంట కూసునుడే. అంటిన టేపును కూడ పీకొద్దు, దానెంట అక్షరం లేచొస్తది. విప్పకముందు ఎట్లున్నదో అట్లనే ఫోటోలు తీసిన, మెల్లగ విప్పి ముందు వెనుక తీసిన, మళ్లొకసారి కిటికీ కాడ పెట్టి వెలుతురు పక్కకెళ్లి పడేటట్టు తీసిన. ఆ పక్క వెలుతురు ఫోటోనే చివరికి పనికొచ్చింది.

మొదటి రికార్డింగు నేను సరిగ చెయ్యలే. ఎండాకాలం, ఫ్యాను బంద్ చేస్తే ముసలామెకు ఉబ్బరిస్తదని నడవనిచ్చిన, వింటే గాలి చప్పుడు ఎక్కువ, మాట తక్కువ. అది చిన్న తప్పు. పెద్ద తప్పు నేను అడిగిన తీరు. “రజాకార్లు వచ్చిన్రా అవ్వా”, “అప్పుడే ఊరిడిచిపెట్టిన్రా”, “వచ్చినంక నాయన మిల్లుల చేరిండా”, ఇట్ల అడిగితే దేనికైనా అవును బిడ్డా అనే అంటది, కథ నాకు ముందే తెలుసు కాబట్టి అదే కథను ఆమె నోటెంట మళ్లొకసారి చెప్పించిన, అంతే. మధ్యమధ్యల కొడుకు అందుకునేది, “అమ్మకు యాది లేదు గని సార్, అయింది ఏందంటే” అని. ఆయన మంచి మనిషే, తల్లికి ఆయాసం అయితదని ఆయన చెప్పుడు, కానీ ఆయన చెప్పేది ఆయన విన్నది, ఆమె చూసింది కాదు. ఇప్పుడైతే నేను మొదటి రోజే ఇంటోళ్లకు చెప్త, మీరు పక్క అర్రల కూసోండ్రి, మీ మాట వేరే రికార్డు చేస్త, మీది కూడ కావాలె అని.

ఆ రోజు దక్కిందేమన్న ఉన్నదంటే చివరి నలభై నిమిషాలు. చాయ్ తాగుకుంట ఊకెనే, అవ్వా మీ ఊళ్లె ఇల్లు ఎట్లుండేది అని అడిగిన, కొడుకు బయటికి పోయిండు, ఆమె కండ్లు మూసుకొని చెప్పుకుంట పోయింది. మగ్గం గుంట యాడుండె, నాయన గుంటల కాళ్లు పెట్టి నేస్తాంటే అమ్మ కండెలు సుట్టేది, ఆసు పోసేటప్పుడు వాకిలి సరిపోక బాట మీదికి పోయేటోళ్లు, గంజి పెట్టిన పడుగు, అంటే నిలువు పోగులు, బాట పొడుగునా కట్టి దుబ్బ పడొద్దని పిలగాండ్లను కావలి పెట్టేది. “పొద్దుగాల లేస్తే పొద్దు బాయి మీదికెళ్లి పొడిసేది బిడ్డా, మాపటికి కమ్మరోల్ల కొలిమి ఎర్రగ కనవడేది, ఇద్దరి నడుమ మా ఇల్లు.” తూర్పు పడమర అనే మాటే ఆమె అనలే. ఆ రోజు నేను అది ముచ్చట లెక్కనే విన్న.

ఇగ కాయితం. మండి బజార్ దిక్కు నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఉర్దూ పంతులు ఉన్నడు, చాలా ఏండ్ల సంది నాకు ఆయనే చదివిపెడతడు. నిజాం సర్కారు స్టాంపు కాయితం, రాసింది షికస్తా చేతిరాత, అంటే అక్షరానికి అక్షరం అతుక్కొని ఉరికినట్టుంటది. ఆయన మొదటి చూపుకే అన్నడు, “ఇది పట్టా కాదు సాబ్, రహన్‌నామా” అని, అంటే కుదువ కాయితం, ఇల్లు కుదువ పెట్టి సావుకారి దగ్గర రూపాలు తీసుకున్నట్టు. పేరు కాడికి వచ్చేసరికి ఇంటిపేరు ‘న’ తోటి చదివిండు. ఉర్దూల మాట మొదట్ల బే, పే, తే, నూన్ అన్నిటికీ ఒకటే పల్లు, చుక్కలే తేడా, కింద ఒక చుక్కుంటే బ, పైన ఒక చుక్కుంటే న, పైన రెండైతే త, కింద మూడైతే ప. హ్రస్వాలు రాయరు కాబట్టి తెలుగు పేర్లు రాస్తే సగం అస్థిపంజరమే ఉంటది, ఊరోళ్లకు తెలిసిన పేరు కాబట్టి వాళ్లు చదువుకునేటోళ్లు, మనకెట్ల తెలుస్తది. మా కాయితంల చుక్క పైన ఉన్నది. ‘న’ తోటి మొదలయ్యే ఇంటిపేరు కూడ ఆ దిక్కు ఉన్నది. అందుకని ఇది వేరేటోళ్ల కాయితం, ఎట్లనో వీళ్ల పెట్టెలకు వచ్చిందని రాసి పక్కకు పెట్టేసిన, అమ్మాయికి కూడ అట్లనే చెప్పిన. నాలుగు నెలలు అది అట్లనే ఉన్నది.

దాన్ని మళ్ల చేతికి తెచ్చింది కూనపులాయన. తెలంగాణల చానా కులాలకు వాళ్ల కథ చెప్పేటోళ్లుంటరు, నేసే పద్మశాలోళ్లకు కూనపులోళ్లు, పటం కట్టి మార్కండేయ పురాణం, భావనాఋషి తామర నారతోటి బట్ట నేసిన కథ చెప్తరు, ఆ పటాలు చేర్యాల నకాషోళ్లు గీసేటివి. ఊర్లు పంచుకొని ఉంటరు, ఆ పంపకమే వాళ్ల మిరాశి, వచ్చినప్పుడల్లా గడపకింత త్యాగం ఇయ్యాలె. కుటుంబ చరిత్ర రాసేటోళ్లు ఆఫీసుల సుట్టు తిరుగుతరు గని వీళ్ల దగ్గరికి పోరు, నాకు అదే బాధ, ఎందుకంటే ఏ ఊళ్లె ఏ గడప యాడున్నదో తండ్రి కొడుకుకు చెప్పుకుంట వచ్చినోళ్లు వీళ్లు. ఈ కుటుంబం ఊరు మిరాశిల ఉన్న ఒక ముసలాయనను పట్టుకున్న. ఏండ్లు, తారీకులు ఆయన దగ్గర అడిగితే లాభం లేదు, అన్నీ “మా నాయన జమానల” అనే. కానీ గడపల వరుస చెప్పమంటే వేలు మడుసుకుంట ఊరి మొగదల నుంచి మొదలుపెట్టిండు, ఫలానోళ్లు, ఫలానోళ్లు, కమ్మరాయన కొలిమి, దాని పక్కకు ఈ కుటుంబం ఇంటిపేరు, దాని అవతల బాయి, బాయి దాటితే మళ్ల వేరే కులం ఇండ్లు, మేం అటు పోం అన్నడు.

ఇంటికి వస్తాంటే ఆత్మకూరు దాటినంక గుర్తుకొచ్చింది, కుదువ కాయితంల నాలుగు దిక్కుల హద్దులు రాస్తరు, హుదూదె అర్బా అంటరు. రాత్రికే పంతులు గారికి ఫోటో మళ్ల పంపి హద్దులు ఒక్కటే చదవమన్న. మష్రిఖ్ అంటే తూర్పు, బావ్లీ, అంటే బాయి. మగ్రిబ్ అంటే పడమర, మకాన్ లోహార్, కమ్మరాయన ఇల్లు. జునూబ్ అంటే దక్షిణం, బాట. పొద్దు బాయి మీదికెళ్లి పొడిసేది, మాపటికి కొలిమి ఎర్రగ కనవడేది. నాకు కాళ్లు చేతులు ఆడలే కొద్దిసేపు. తెల్లారి పక్క వెలుతురు ఫోటో పెద్దగ చేసి చూస్తే ‘న’ చుక్క అనుకున్నది సిరా కాదు, పురుగు కొట్టిన బొక్క, అంచులు నీడ పడుతున్నయ్. అసలు చుక్క కిందనే ఉన్నది, మడత చిట్లిన కాడ టేపు కింద సగం మునిగి. బే. కాయితం వాళ్లదే. ఒక ముసలామె చిన్నప్పటి పొద్దుపొడుపు యాదికి లేకుంటే ఆ కాయితం వేరేటోళ్లదని ఫైలుల శాశ్వతంగ ఉండిపోయేది, నేనే రాసి పెట్టిన.

ఇగ తారీకు. ఖుర్దాద్ నెల, 1352 ఫస్లీ. నిజాం రాజ్యంల ఫస్లీ సంవత్సరం అక్టోబర్ మొదట్ల ఆజూర్ నెలతోటి మొదలయ్యేది, ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఆజూర్, దయి, బహమన్ వరకు 590 కలపాలె, కొత్త సంవత్సరం జనవరి తగిలినంక 591 కలపాలె. ఈ ఒక్క అంకె తేడాతోటి ఎంతమంది పెండ్లిళ్లు, చావులు ఒక ఏడాది అటూఇటూ అయినయో చెప్పలేను. ఖుర్దాద్ అంటే ఏప్రిల్ దిక్కు పడుతది, కాబట్టి 1943 ఏప్రిల్. అరవై రూపాలు, హాలీ సిక్కా, అంటే నిజాం సొంత రూపాయి, ఇంగ్లీషోళ్ల కల్దార్ రూపాయి కంటె విలువ కొంచెం తక్కువ. ఎందుకు తీసుకున్నడో కూడ రాసి ఉన్నది, సూత్ కొనేందుకు, నూలుకు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నది, నూలు కరువు, ధర ఎక్కడికో పోయింది, సొంత పెట్టుబడి లేని నేతగాండ్లు ఎంతోమంది అట్లనే చితికిపోయిన్రు, మగ్గం ఉండి నూలు లేకపోతే గుంట ఖాళీనే కద. ఆయన మగ్గం నడిపిద్దామని ఇల్లు కుదువ పెట్టిండు. సంతకం కాడ బొటనవేలు ముద్ర, ముద్రల గీతలు ఇప్పటికీ కనపడుతున్నయ్.

అదే వారం ఇంకో కాయితం దొరికింది, ముత్తాత తమ్ముని కొడుకులు శివనగర్ల ఉంటరు, వాళ్ల దగ్గర ముత్తాత మిల్లు సర్వీసు సర్టిఫికెట్, దాంట్ల ఆయన చేరిన సంవత్సరం 1944. ఇక్కడ కథ అడ్డం తిరిగింది. రజాకార్ల గొడవలు ఆ దిక్కు ముదిరింది 1947ల, పరకాలల జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చిన జనం మీద కాల్పులు జరిగింది 1947 సెప్టెంబర్ 2న, నిజాం లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17న. మనిషేమో 1944లనే మిల్లుల ఉన్నడు. అంటే రజాకార్లకు భయపడి వచ్చిండన్నది తప్పు, అప్పుకు భయపడి వచ్చిండా?

నేను ఈ మాటను ఇంతకంటె మెత్తగ చెప్పాల్సి ఉండె. మేనమామకు చెప్తే ఆయన మొఖం మారిపోయింది. “మా తాతను అప్పు ఎగ్గొట్టి పారిపోయినోన్ని చేస్తున్నరా సార్, మా అమ్మ అబద్ధం చెప్పిందా ఇన్నేండ్లు” అన్నడు. ఆయన కోపం న్యాయమే. ఆ కథ మీద ఇల్లు నిలబడ్డది, ఏటా సెప్టెంబర్ 17 వచ్చిందంటే పిల్లలకు చెప్పేది ఆయనే. అప్పుడు నేను అన్న, అన్నా, ఏదీ తప్పని నేను అంటలేను, ఇంకొకసారి అవ్వ దగ్గర కూసోనియ్యుండ్రి, ఈసారి నేను ఏమీ చెప్ప, అడుగుడే. రెండు నెలలు ఆగి సరే అన్నడు.

రెండోసారి చలికాలం, ఫ్యాను గొడవ లేదు. పొద్దున పదింటికి, ఆమె తిని కూసున్నంక. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టి, కాలర్ మైకు చీర కొంగుకు పెట్టి, ముందుగాల రికార్డులనే పర్మిషన్ అడిగిన, “అవ్వా ఇది మీ పిల్లలు, వాళ్ల పిల్లలు వింటరు, ఏదన్న చెప్పబుద్ధి కాకపోతే చెప్పకు”. పెట్టెల నాడె తెచ్చి ఆమె చేతుల పెట్టిన. చానాసేపు ఏం మాట్లాడలే, వేలితోటి కొస తడిమి చూస్తున్నది, నేను కూడ ఊకున్న. వెనుకటికైతే ఆ ఊకునుడు నాతోని కాకపోయేది, ఏదో ఒకటి అడిగి చెడగొట్టేటోన్ని.

ఈసారి ఎందుకు వచ్చిన్రు అని అడగలే, ఆ రాత్రి గురించే అడిగిన, ఏం మూట కట్టిన్రు, ఏం తిన్నరు, కుక్క మొరిగిందా, చెప్పులున్నయా. ఆమె చెప్పింది, అమ్మ రాట్నం ఇడిచిపెట్టలే, నెత్తి మీద పెట్టుకున్నది, జొన్న చేన్ల పండుకున్నం, కంకి పాలు పట్టి ఉండె, అదే నమిలినం. అప్పుడు అడిగిన, “అవ్వా, బయలెల్లేటప్పుడు ఇంటికి తాళం ఎవరేసిన్రు?”

“అమ్మ ఏసింది.”

“మరి నాయన?”

“నాయన యాడున్నడు బిడ్డా? నాయన ఓరుగల్లుల ఉండె గద, మిల్లుల.”

పక్క అర్రల నుంచి కొడుకు లేచి వచ్చిండు, దర్వాజ కాడ నిలబడ్డడు. “ఎన్నడు చెప్పలేదేందమ్మా” అన్నడు. “నువ్వెన్నడడిగినవ్ రా” అన్నది, నాడె మీదికెళ్లి కండ్లు తియ్యకుంట.

తర్వాత అంత చెప్పింది. నాయన ముందుగాల్నే పోయిండు, పండుగకు పబ్బానికి వచ్చేటోడు, పైసలు తెచ్చి సావుకారికి కట్టేటోడు. ఊళ్లె ఆడోళ్లు, పిల్లలే. “పరకాల కాల్చిన ఏడు మా ఊళ్లె బతుకమ్మ ఎత్తలే, తంగేడు పువ్వు చెట్టుకే ఉండె, దసరాకు నాయన రాలే, తొవ్వ బాగలేదన్నరు.” ఇగ ఆగలేక అమ్మ, నాయనమ్మ, ఈమె, తమ్ముడు ఒకడు, నలుగురు రాత్రి బయలెల్లి ఆత్మకూరు దాక నడిచిన్రు, అక్కడ తెలిసినోళ్ల బండి దొరికింది. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస 1947ల అక్టోబర్ నడుమ వచ్చింది, జొన్న కంకి పాలు పట్టేది కూడ ఆ రోజులల్లనే, కాబట్టి దసరా అటూఇటూ అని నెలతోటి సహా రాసుకోవచ్చు. తారీకు తెలియని మనిషి దగ్గర పంట అడగాలె, పండుగ అడగాలె, మేడారం జాతర ముందటనా ఎనుకనా అని అడగాలె, తెలుగు సంవత్సరం పేరు గుర్తున్న పెద్దోళ్లు ఇంకా ఉన్నరు, సర్వజిత్తు అంటే 1947 ఉగాది నుంచి 1948 ఉగాది దాక.

అంటే రెండు సార్లు ఊరిడిచిన్రు. 1944ల మొగోడు నూలు అప్పు తీర్చేందుకు పోయిండు, 1947ల ఆడోళ్లు ప్రాణం కాపాడుకునేందుకు వచ్చిన్రు. కాయితం మొగోనిదే రాసింది, ఎందుకంటే స్టాంపు మీద, మిల్లు రిజిస్టర్ల ఆయన పేరే ఉంటది, ఆ రాత్రి నడిచినోళ్ల పేరు యాడ రాస్తరు. అమ్మమ్మ యాదిల ఉన్నది తను నడిచిన రాత్రి. ఇంట్ల మళ్లమళ్ల చెప్పుకుంట చెప్పుకుంట రెండు ప్రయాణాలు ఒకటయినయ్, ఆ ఒక్కదాంట్ల మొగోడు ముందట నడిచినట్టు అయిపోయింది. ఎవ్వరూ అబద్ధం చెప్పలే. నేనే మొదటిసారి ‘వాళ్లు’ అని అడిగిన, ఎవరెవరు అని అడగలే. అప్పటి సంది ప్రతి కేసుల ఏ సంఘటనకైనా ముందు ఆ రోజు ఇంట్ల ఉన్నోళ్ల లిస్టు రాసుకుంట, లేనోళ్లు యాడున్నరో కూడ రాసుకుంట.

ఇంకొకటి మిగిలింది. మొదటి రికార్డింగును టైప్ చేసింది ఆ అమ్మాయే, నేర్చుకుంటనన్నది, ఇచ్చిన. దాంట్ల ఒక కాడ “గొడవల తమ్ముడు పోయిండు” అని ఉన్నది. రెండోసారి తమ్ముడు ఒకడు వెంట వచ్చిండంటే పోయినాయన ఎవరని అనుమానమొచ్చి పాత ఆడియో మళ్ల విన్న, ఫ్యాను చప్పుడు తగ్గించి, ఆ నాలుగు సెకండ్లు ఇరవై సార్లు విన్న. ఆమె అన్నది గొడవ కాదు, “గత్తరల తమ్ముడు పోయిండు”. ఇప్పటి పిల్లలకు గత్తర లేపుడు అంటే లొల్లి చేసుడు, అందుకని ఆ అమ్మాయి అర్థమయ్యేటట్టు గొడవ అని రాసింది. పెద్దోళ్ల నోట్ల గత్తర అంటే కలరా. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి చేన్లల్ల గుడిసెలు వేసుకున్న రోగం అది. అడిగితే చెప్పింది, నాయన మిల్లుకు పోయినంక ఒక వానాకాలం గత్తరొచ్చింది, నడిపోడు ఒక్క పూటల పోయిండు, అమ్మకు చదువు రాదు, ఉత్తరం రాపియ్యాలంటే పట్వారి దగ్గరికి పోవాలె, గత్తర ఊళ్లె ఎవ్వరూ ఎవ్వరి ఇంటికి పోతలేరు. నాయన దసరాకు వచ్చి పిలగాండ్లను దగ్గరికి తీసుకుంట లెక్కపెడితే ఒకడు తక్కువ. అప్పుడు తెలిసింది ఆయనకు.

ఇందుకే రాతప్రతి చేసేటప్పుడు మాట మార్చొద్దని మొత్తుకుంట. లే అంటే లే అనే రాయాలె, గట్ల అంటే గట్లనే, అర్థం కాకపోతే పక్కన నిమిషం, సెకండ్ రాసిపెట్టుకోవాలె గని మనకు తెలిసిన మాట పెట్టొద్దు. ఆ అమ్మాయి చానా ఏడ్చింది, నేను తప్పు టైప్ చేసిన సార్ అని. తప్పు ఆమెది కాదు, ఆ కథ ఇంట్ల ఎన్నడో అట్ల మారిపోయింది, ఆమె విన్నదే ఆమె చెవుల పడ్డది.

మిగిలిన వెతుకులాట తొందరగ చెప్త. పరకాల తాలూకా అప్పట్ల కరీంనగర్ జిల్లాల ఉండె, తర్వాత వరంగల్‌ల కలిసింది, ఇప్పుడు హనుమకొండ జిల్లా, కాబట్టి పాత రికార్డు అడిగేటప్పుడు ఇప్పటి జిల్లా పేరు పట్టుకొని పోతే తిరుగుడే. ఒక ఆఫీసుల మూడుసార్లు రేపు రమ్మన్నరు, నాలుగోసారి 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు, నకలు ఇచ్చిన్రు. దాంట్ల వీళ్ల పేరు పట్టాదారు కాలమ్‌ల లేదు, కాబిజ్, అంటే భూమి కబ్జాల ఉన్నోళ్ల కాలమ్‌ల కూడ లేదు. ఉండదు కూడ, పహాణీ సాగు భూమికి, ఊరి ఆబాదీల, అంటే ఇండ్లున్న జాగల, ఉన్న ఇల్లు దాంట్లకు రాదు, మగ్గం మీద బతికినోళ్లను పహాణీల వెతికి మాకు ఊరే లేదనుకునేటోళ్లు చానామంది. తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్‌కు రెండు రోజులు పోయిన, ఈ కుటుంబం పేరు ఏ ఫైలుల తగల్లే. ముత్తాత ఆ కుదువ ఇల్లు ఇడిపించుకున్నడా లేదా అన్నదానికి ఒక్కటే సాక్ష్యం, కాయితం సావుకారి ఇంట్ల కాకుంట వీళ్ల పెట్టెల ఉన్నది, అప్పు తీరితేనే కుదువ కాయితం వాపసు ఇస్తరు. మేనమామకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన కాయితం చేతులకు తీసుకొని చానాసేపు ఆ వేలిముద్రనే చూసిండు, ఏం అనలే, చాయ్ పెట్టమని భార్యకు కేకేసిండు.

ఫైలు మూడు కాపీలు చేసినం, ఒకటి మేనమామకు, ఒకటి అమ్మాయికి, ఆడియో, ఫోటోలు ఉన్న హార్డ్ డిస్క్ ఒకటి శివనగర్ వాళ్లకు, మూడూ ఒక ఇంట్ల ఉండొద్దని. అసలు కాయితం టేపు తియ్యకుంట ఆమ్లం లేని కవర్ల పెట్టి అదే రేకుపెట్టెల పెట్టినం, మడత వెయ్యకుంట. రెండో రికార్డింగుల ఒక పన్నెండు నిమిషాలు అమ్మమ్మ ఉన్నన్ని రోజులు ఎవ్వరికీ వినిపియ్యొద్దన్నది, ఆ ముక్క వేరే తీసి సీల్ చేసిన, ఏమున్నదో ఇక్కడ కూడ రాయ.

వంశవృక్షం చార్టు మళ్ల గీసినం. పాతదాంట్ల ముత్తాతకు ముగ్గురు పిల్లలు, ఒక కొడుకు పేరు లేకుంట “రజాకార్ల గొడవల మరణం” అని ఉండె. ఆ పిలగాని పేరు ఏ కాయితంల లేదు, బడికి పోయే వయసు రాలే. అమ్మమ్మ చెప్పిన పేరే రాసినం, దాని కింద: గత్తర, 1944–1947 నడుమ ఒక వానాకాలం, తండ్రి ఊళ్లె లేడు. ఆధారం: అక్క చెప్పింది, రెండో రికార్డింగు, నలభై ఒకటో నిమిషం.